మబ్బు లేని షీటు

రెండువేల మూడులో మా ఆఫీసు ద్వారకానగర్‌లో ఒక మేడ మీద ఉండేది. కింద మిఠాయి దుకాణం, గోడకి అవతల కోచింగ్ సెంటరు, ఇవతల మేము. మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగంమంది మమ్మల్నే కోచింగ్ సెంటరు అనుకుని ఫీజెంత అని అడిగేవారు. మేం చేసే పని స్టీల్ డీటెయిలింగ్. ఈ మాట చెబితే అప్పుడూ ఇప్పుడూ చాలామందికి అర్థం కాదు. మా ఇంట్లోవాళ్లకి నేను రిటైరయ్యేదాకా అర్థం కాలేదు కనక ఇక్కడ కాస్త విడమరిచి చెబుతాను.

ఉక్కుతో ఒక భవనం కట్టాలంటే ముందు ఇంజనీరు లెక్కలు కట్టి, ఏ దూలం ఎంత లావుండాలో, ఏ స్తంభం ఎక్కడ నిలబడాలో గీసిస్తాడు. అవి డిజైన్ డ్రాయింగులు. ఉక్కు కోసేవాడికి అవి చాలవు. ఈ ముక్క పొడవెంత, దీనికి కన్నాలు ఎక్కడ, ఏ మూల ఎంత చెక్కాలి, వెల్డింగు ఎటువైపు అని ముక్కముక్కకీ విడిగా గీసివ్వాలి. అవి షాప్ డ్రాయింగులు. షాపంటే ఇక్కడ దుకాణం కాదు, కార్ఖానా. భవనం ఎక్కడో అమెరికాలో లేస్తుంది, దాని ముక్కల బొమ్మలు విశాఖపట్నంలో గీస్తాం. గీసినవాళ్లెవరూ ఆ భవనాన్ని చూడరు. పెళ్లికి పిలుపు లేకపోయినా వంటంతా మనమే వండి పంపడం లాంటి పని.

నా ఉద్యోగం పేరు చెకర్. ఇంకొకరు గీసిన డ్రాయింగులో తప్పులు పట్టాలి. సరిగ్గా ఉన్న కొలత మీద పసుపు పెన్ను, తప్పున్నచోట ఎర్ర పెన్ను. పసుపూ కుంకుమా పెట్టి జీతం తెచ్చుకునే ఉద్యోగమని మా ఆవిడ అనేది. తప్పులు పట్టడం వృత్తిలో పడ్డాక ఆ సేవని ఇంట్లో ఉచితంగా చెయ్యబోయి కొన్నిసార్లు భోజనం ఆలస్యం చేసుకున్నాను.

అంతకుముందు, తొంభైల్లో, గాజువాక వైపు ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో పనిచేసేవాణ్ణి. మా నాన్నగారు తణుకు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఆయన చూపులోంచి తప్పించుకోవడానికి ఊరికి ఆ చివరనున్న ఉక్కు పనుల్లో చేరాను. యార్డులో పనులు తగ్గిపోయాక, దూలాలు ఎత్తించే ఉద్యోగం నుంచి దూలాలు గీసే ఆఫీసుకి వచ్చిపడ్డాను. నీ దూల ఇప్పటికి తీరిందా అని పాత స్నేహితులు పలకరించేవారు.

యార్డు నుంచి నాతోపాటు వచ్చినవాడు ఎర్నాయుడు. సబ్బవరం మనిషి, డ్రాయింగు పనిలో చెయ్యి తిరిగినవాడు, మా ఆఫీసులో టీమ్ లీడర్. నన్ను బావా అని పిలిచేవాడు. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు, ఎండలో కలిసి తిన్న క్యారేజీలు తప్ప. ఆఫీసు నడిపేది ప్రసాదరావు గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. కోపమొచ్చినా అండీ వదలని మనిషి. అండీలు ఎక్కువయ్యే కొద్దీ కోపం పెరుగుతోందని మేం గ్రహించేవాళ్లం.

ఆ ఏడు వేసవిలో నూకరత్నం అనే అమ్మాయి ట్రైనీగా చేరింది. కంచరపాలెంలో ఉండేది, తండ్రి రైల్వేలో ఖలాసీ. ఆనందపురం అవతల కొత్తగా వెలిసిన ప్రైవేటు కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి ఫస్టొచ్చింది. ఆ రోజుల్లో సివిల్ చదివినవాళ్లని సాఫ్ట్‌వేరు కంపెనీలు గుమ్మంలోనే పలకరించి పంపేసేవి. కాంట్రాక్టర్లేమో ఆడపిల్లకి సైటెందుకమ్మా అనేవారు. మా దగ్గర మూడునెలల ప్రొబేషను, పని నచ్చితే పర్మనెంటు. ఆమెకి చేతిలో ఉన్న అవకాశం అదొక్కటే.

మొదటిరోజు ఎర్నాయుడు ఆమెని ఎదురుగా కూచోబెట్టుకున్నాడు.

“ఏటమ్మా, అడుగులు, అంగుళాలు వచ్చేటి?”

“మీటర్లే చదివాం సార్.”

“ఆల దేశంలో అంగుళాన్ని పదారు ముక్కలు సేసి లెక్కెడతారు. నేర్సుకోవాల. నీ ఎత్తెంత?”

“అయిదడుగుల రెండు.”

“సూసావా, వచ్చు. వచ్చినదాన్ని రాదంటన్నావ్.”

ఆమె నవ్వలేదు గాని, వారం తిరిగేసరికి అడుగులూ అంగుళాలూ ఆమెకి నోటికి వచ్చేశాయి. నెల తిరిగేసరికి మాలో అందరికన్నా వేగంగా గీసేది. షీటు అందంగా ఉండేది. కొలతలు ఒకదానికొకటి కలిసేవి. నా ఎర్ర పెన్నుకి పని తగ్గి, మూత తీస్తే ఎండిపోయి ఉండేది. ఆమె షీట్లలో ఇంకొక విశేషం కూడా ఉంది. వాటిలో మబ్బులుండవు.

ఈ మబ్బు సంగతి చెప్పాలి. డిజైన్ డ్రాయింగులో ఎక్కడైనా కొలత లేకపోయినా, రెండుచోట్ల రెండు రకాలుగా ఉన్నా, మేము ఆ భాగం చుట్టూ మబ్బు ఆకారంలో వంకర గీత గీసి, పక్కన హోల్డ్ అని రాస్తాం. అంటే ఇక్కడ మాకు సందేహం ఉంది, జవాబు వచ్చేదాకా ఈ ముక్క కొయ్యకండి అని. క్లయింటు చూసి జవాబు పంపుతాడు, మేం మబ్బు తీసేస్తాం. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. కానీ కొత్తగా కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకి మబ్బు గీయమంటే ముఖం మబ్బు పట్టేది.

అప్పుడు మా చేతిలో ఉన్నది ఒక గోడౌను పని. అమెరికాలో ఉక్కు కోసే కంపెనీ ఒకటి మాకు మొదటిసారి ఇచ్చింది. ఇది బాగా చేస్తే ఇంకా ఇస్తామన్నారు. వాళ్ల తరఫున మాతో మాట్లాడేది డగ్లస్ అనే పెద్దమనిషి. గోడౌనులో ఒక పక్క సామాను పెట్టుకునే మేడ ఉంది, దానికెక్కే మెట్లు రత్నానికి అప్పజెప్పాం. మెట్ల మధ్యలో మనిషి ఆగి తిరగడానికి ఒక చప్టా ఉంటుంది, ల్యాండింగ్ అంటారు. ఆ షీటు నా దగ్గరికి చెకింగ్‌కి వచ్చింది. చప్టా దగ్గర నా పసుపు పెన్ను ఆగింది.

“ఈ ఎత్తు ఎక్కడిదమ్మా?”

“స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగులోది సార్.”

“ఆర్కిటెక్టు డ్రాయింగు చూశావా?”

“చూశాను సార్. అందులో నాలుగంగుళాలు ఎక్కువుంది.”

“మరి?”

“ఇంజనీరుది నాలుగు షీట్లలో ఉంది సార్. ఆర్కిటెక్టుది ఒక్క షీటులోనే ఉంది.”

“ఓట్లు లెక్కపెట్టావన్నమాట.”

“అదొక్కటే కాదు సార్. మిగతాచోట్ల కూడా రెండింటికీ నాలుగంగుళాలే తేడా. అది పైన పోసే కాంక్రీటు మందం. ఇక్కడ కూడా అంతే అనుకున్నాను.”

ఆలోచన చెడ్డదేం కాదు. ఆర్కిటెక్టు మనిషి నడిచే నేల ఎత్తు ఇస్తాడు, ఇంజనీరు దాని కింద ఉక్కు ఎత్తు ఇస్తాడు. మధ్యలో కాంక్రీటు. కానీ ఈ చప్టా మీద కాంక్రీటు లేదు. జారకుండా గళ్లు పొడిచిన ఉక్కు పలక ఉంటుందే, చెకర్డ్ ప్లేటు, అది పరిచి దాని మీదే నడుస్తారు. నడిచేదీ అదే, ఉక్కూ అదే. ఇద్దరూ ఒకే ఎత్తు చెప్పాలి. ఆ మాట చెబితే రత్నం ఒక్క క్షణం షీటు వంక చూసింది.

“అయితే ఆర్కిటెక్టుది పెట్టేస్తాను సార్.”

ప్లేటు ఫిరాయించడం అనే మాట ఎన్నికలప్పుడు వినడమేగాని, ఇంత వేగంగా కళ్లముందు జరగడం అప్పుడే చూశాను.

“ఏదీ పెట్టొద్దు. మబ్బు గీసి అడుగుదాం.”

“మబ్బు గీస్తే నాకు తెలీదని ఆళ్లకి తెలిసిపోద్ది కదా సార్.”

“తెలీదు కాబట్టేగా గీస్తాం.”

ఆమె గొంతు తగ్గించి, పెద్దవాడికి తెలియని విషయం నెమ్మదిగా చెప్పే ధోరణిలో అంది. “ఎంసెట్‌కి మా సారు చెప్పేవోరు సార్. వచ్చినా రాకపోయినా ఏదో ఒక గడి నింపీమని. ఖాళీ వదిలితే సున్నా. నింపితే నాలుగింట్లో ఒకటైనా తగలొచ్చు, తప్పయినా మార్కులు తియ్యరు కదా అని. నాను ఏ పరీక్షలోనూ ఖాళీ వదల్లేదు సార్.”

గోడ అవతల నుంచి ఆ సలహా మాకు రోజూ వినబడేది. ఈ జిల్లాల్లో ఇంజనీరైన ప్రతి పిల్లా పిల్లాడూ ఆ మాట వినే ఇంజనీరయ్యారు. పరీక్షలో అది మంచి సలహానే. ప్రశ్నపత్రం తయారుచేసినవాడికి జవాబు తెలుసు, ఇచ్చిన నాలుగింట్లో ఒకటి సరైనదని అతను హామీ ఇచ్చాడు. ఉక్కు భవనం డ్రాయింగుల్లో అలాంటి హామీ ఎవరూ ఇవ్వరు. ఇద్దరు మనుషులు రెండు ఊళ్లలో కూచుని గీసినవి అవి. ఉక్కులో నెగెటివ్ మార్కులుంటాయమ్మా అని మాత్రం చెప్పి, అన్ని షీట్లూ మళ్లీ చూసుకుని ఎక్కడ సందేహమున్నా మబ్బు గీయమన్నాను.

గీసింది. నేను వేరే పని మీద రెండ్రోజులు మా పాత యార్డుకి వెళ్లి వచ్చేసరికి షీట్లన్నీ గీసేసింది. ఎర్నాయుడు ఒక షీటు తెచ్చి నా బల్ల మీద పరిచాడు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు టీవీలో చూపించే బొమ్మలా ఉంది. ఎక్కడో ఒకచోట స్తంభం, మిగతాదంతా మేఘావృతం.

“ఏటి బావా ఇది. పోర్టోళ్లకి సెప్పి మూడో నెంబరు తుపాను జెండా ఎగరెయ్యమందామా?”

“పంపలేదు కదా?”

“పంపీసాను. నిన్న గడువు కదేటి. మబ్బులు తప్పులు కావు కదా అని.”

తప్పులు కావు, నిజమే. వాటి మీద వాడడానికి నా దగ్గర పెన్ను కూడా లేదు.

డగ్లస్ జవాబు మర్నాడు వచ్చింది. మీ ఊళ్లో ఇప్పుడు వర్షాకాలమా అని మొదటి వాక్యం. మీరు పంపినవాటిలో నేను ఏ ముక్క కొయ్యగలనో నాకు తెలియడం లేదు, గురువారం ఫోను చేస్తాను, అప్పటికీ తెలియకపోతే ఈ పని ఇంకొకరికి ఇవ్వాల్సి ఉంటుంది అని రెండో వాక్యం. మూడో వాక్యం లేదు.

ప్రసాదరావు గారు నన్ను గదిలోకి పిలిచారు.

“ఆ అమ్మాయిని నెలాఖరుకి పంపించేద్దామండీ మూర్తిగారండీ. మొన్నటిదాకా ఏదీ అడగలేదండీ. ఇప్పుడు అన్నీ అడుగుతోందండీ. మధ్యస్తంగా అడిగే మనిషి ఈ ఊళ్లో దొరకరాండీ?”

అండీలు లెక్కపెట్టుకుని అన్నాను. “గురువారం ఫోనులో ఆ మబ్బుల సంగతి ఆ అమ్మాయినే మాట్లాడనివ్వండి.”

“మాట్లాడి పని పోగొడితే?”

“నేను మాట్లాడినా పోగొట్టే అవకాశం ఉంది. నా ఇంగ్లీషు మీరు విన్నారు.”

అది ఆయన కాదనలేకపోయారు. “గురువారం ఆయన సంతృప్తి పడితే ఉంచుదాం. లేకపోతే ఆ అమ్మాయి సంగతి మళ్లీ నా దగ్గర ఎత్తకండి” అన్నారు. అండీ లేకుండా అన్నారు కనక అది నిర్ణయమని అర్థమైంది.

రత్నానికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తలదించుకుని వింది.

“మా నాన్న బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి మాట్లాడీసారు సార్. వచ్చే నెల బేచి. నాను ఎల్లనని సెప్పీసాను, ఇక్కడ పర్మనెంటవుద్దని.”

“ఎక్కడా కోచింగు?”

“ఈ గోడవతలే సార్.”

ఇద్దరం గోడ వంక చూశాం. అవతల ఎవరో లాభనష్టాల లెక్క చెబుతున్నారు.

“మబ్బులు మీరు గీయమంటేనే గీసాను సార్” అని ఆమె అనలేదు. అన్నా తప్పయ్యేది కాదు. నేను ఒక షీటు దగ్గరికి లాగి చెప్పాను. “ఒక్కో మబ్బు దగ్గరా ఆగి ఒకటే అడుగు. దీనికి జవాబు రాకపోతే అక్కడ ఏ ముక్క ఆగిపోతుంది? ఏదీ ఆగకపోతే అది అడగక్కర్లేదు. జవాబు మన దగ్గరే ఉంటే అది అడగకూడదు. మిగిలినవి పట్టుకురా.”

గురువారానికి మిగిలిన రెండ్రోజులూ ఆమె, ఎర్నాయుడు డ్రాయింగుల దొంతర మీద పడ్డారు. నా బల్లకి వినబడుతూ ఉండేది.

“ఈ బోల్టు ఏ సైజని అడిగీసావేటి? మొదటి పేజీలోనే రాసున్నాది కదా.”

“అవి చిన్న అక్షరాలు నాయుడుగారూ.”

“సిన్నచ్చరాలు సదవడానికే మనకి జీతాలు. పెద్దచ్చరాలు ఆల్లే సదువుకుంటారు. ఇదేటి, ఈ ప్రశ్న మూడు షీట్లలో అడిగావ్?”

“మూడుచోట్లా అదే సందేహం ఉంది.”

“మూడుసార్లు జొరమొస్తే ముగ్గురు డాట్రల దగ్గరికి ఎల్తావేటి?”

అలా మబ్బులు ఒక్కొక్కటే విడిపోయాయి. చాలావాటికి జవాబు మొదటి పేజీల్లోని నోట్సులో ఉంది. ఎవరూ చదవని నోట్సు అవి. కొన్ని ఒకే ప్రశ్నకి పిల్లలు. కొన్నిటికి జవాబు ఏదైనా ఒక్క ముక్కా మారదు. గురువారం పొద్దున్న ఆమె నా దగ్గరికి వచ్చేసరికి చేతివేళ్లకి సరిపోయేటన్ని మిగిలాయి. వాటిలో పెద్దది మెట్ల మధ్య చప్టా.

“ఈ నాలుగంగుళాల సంగతి నాకిప్పుడు తెలిసింది సార్” అంది.

“ఏది కరెక్టో తెలిసిందా?”

“అది తెలీలేదు సార్. తప్పయితే ఏమవుద్దో తెలిసింది. మేం మేడ మీద అద్దెకుంటాం. మా మెట్లలో ఆఖరిది పొట్టిది. కట్టినోళ్లు లెక్క తప్పారో ఏమో. కొత్తగా వచ్చినోళ్లందరూ అక్కడ తూలతారు. నిన్న మా పిన్ని వచ్చింది, చేతిలో బిందె ఉంది. మెట్టు ఎత్తుందని కాలు పైకెత్తింది, అక్కడ లేదు. బిందె కిందికెళ్లిపోయింది. నేనెప్పుడూ పడలేదు సార్, అలవాటు కదా. అందుకే ఇన్నాళ్లూ చూళ్లేదు.”

“మీ పిన్నికేం కాలేదు కదా?”

“లేదు సార్. బిందెకి సొట్టపడింది. రాత్రంతా మా అమ్మ నన్నే తిట్టింది, ఇంజనీరువి కదా, నువ్వేటి సేత్తన్నావ్ అని.”

డగ్లస్ ఫోను సాయంత్రం వస్తుంది, మన సాయంత్రం వాళ్లకి ఉదయం. ప్రసాదరావు గారి గదిలో స్పీకరు ఫోను చుట్టూ నలుగురం కూచున్నాం. ఈ ఫోన్లతో మాకొక ఇబ్బంది ఉండేది. అవతలివాడు చెబుతుంటే మేం తలలూపేవాళ్లం. అవును, అర్థమైంది, అలాగే, మూడింటికీ తలే. అతనికి ఏమీ వినబడక, అక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగేవాడు. ఆరోజు కూడా అడిగాడు. ఎర్నాయుడు ఫోనుకేసి తలూపాడు.

“నా పేరు రత్నం సార్. మెట్లూ మేడా నేను గీశాను” అంది రత్నం. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు, ఒక్కో మాటకీ మధ్య ఖాళీ సమానం. కానీ మాట ఎక్కడా ఆగలేదు. మేం పంపిన మబ్బుల్లో ఎక్కువభాగం మేమే తీసేశామని, మిగిలినవి ఇవీ అని చెప్పింది. చిన్నవాటికి డగ్లస్ ఒక్కో మాటలో జవాబిచ్చాడు. చప్టా దగ్గరికొచ్చింది. రెండు ఎత్తులూ చదివింది.

“ఇంజనీరుకీ ఆర్కిటెక్టుకీ తేడా వస్తే ఇంజనీరు మాటే చెల్లుతుందని కాంట్రాక్టులో ఉంది. అదే పెట్టెయ్యండి” అన్నాడు డగ్లస్.

ప్రసాదరావు గారు వెంటనే ఒప్పుకొమ్మని రెండు చేతులతో సైగ చేశారు. నాకూ ఒప్పుకోవడమే నయమనిపించింది. క్లయింటు తన నోటితో చెప్పాడు, తప్పయినా ఇక అతనిదే. రత్నం ఆ చేతుల వంక చూసి, ఫోను వంక చూసింది.

“పెడతాను సార్. పెడితే ఆఖరి మెట్టు మిగతా మెట్లలో సగమే ఉంటుంది. అవి సామాను మోసుకుంటూ ఎక్కే మెట్లు. చేతిలో పెట్టె ఉన్నవాళ్లు కింద చూడరు. పడతారు.”

ప్రసాదరావు గారు కళ్లు మూసుకున్నారు. అవతల కాగితాలు తిరగేస్తున్న శబ్దం వినబడింది.

“సగమా?”

“సగమే సార్.”

“ఆర్కిటెక్టుది పెడితే?”

“మెట్లన్నీ సమానంగా వస్తాయి. కానీ ఇంజనీరు స్తంభానికి పెట్టిన ఆధారానికి చప్టా నాలుగంగుళాలు పైన తేలుతుంది. ఈ రెండింట్లో ఏది సరైనదో నాకు తెలీదు సార్.”

నాకు తెలీదు అన్న మాటని ఆమె బోల్టు సైజు చెప్పినంత మామూలుగా చెప్పింది. మా గదిలో ఆ మాట అంత మామూలుగా అంతవరకూ ఎవరూ అనలేదు, నాతో సహా.

“అయితే పని ఆపమంటావా?” గొంతులో కాస్త విసుగుంది.

“ఒద్దు సార్. మెట్ల పక్క దూలాలు రెండూ, ఈ చప్టా మాత్రం ఆపండి. మిగతా గోడౌనంతా రేపటి నుంచి కోసుకోవచ్చు. మబ్బులేని షీట్లు ఇవాళే పంపిస్తాం.”

“మొన్న నేనడిగింది ఆ ఒక్క మాటే” అన్నాడు డగ్లస్. “వాళ్లిద్దరినీ కనుక్కుని చెబుతాను.”

ఫోను పెట్టేశాక ఎర్నాయుడు మెల్లగా అన్నాడు. “బావా, ఈ పిల్ల ఆ బిందె సంగతి కూడా సెప్పీసుద్దేమో అని బయపడిపోయాను.”

జవాబు రావడానికి వారం పట్టింది. రత్నం ఆ వారం భోజనాలు సరిగ్గా చేసినట్టు లేదు. ఆ వచ్చిన కాగితంలో మూడో ఎత్తు ఉంది. చప్టా కింద ఒక తలుపుందట, తెరిస్తే చప్టాకి తగులుతోందని ఆర్కిటెక్టు దాన్ని ఇంకొక మెట్టు పైకి జరిపాడట. ఆ సవరణ ఇంజనీరుకి చేరలేదు, మాకూ చేరలేదు. ఆధారం కూడా పైకి జరుపుతున్నాం, కొత్త డ్రాయింగు పంపుతున్నాం, మెట్లు ఆపినందుకు సంతోషం అని రాశారు.

రత్నం ఆ కాగితం రెండుసార్లు చదివింది. “రెండూ కాదా సార్” అంది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, “ఆప్షన్లలోనే లేదు” అంది.

నెలాఖరున ప్రసాదరావు గారు ఆమెని పిలిచి పర్మనెంటు చేస్తున్నట్టు లెటరు చేతికిచ్చారు. నేనూ ఎర్నాయుడూ సాక్షి సంతకాలకి అక్కడే ఉన్నాం. పెన్ను తీసుకుని, పెట్టకుండా, మొదటి నుంచి చివరిదాకా చదవడం మొదలుపెట్టింది. అలాంటి లెటర్లు ఎవరూ చదవరు. మేం నిలబడే ఉన్నాం.

“ఒకటి అడగాలి సార్. పైన ఈ రోజు నుంచి పర్మనెంటు అని ఉంది. కింద ఈ రోజు నుంచి ఆరునెలలు ప్రొబేషన్ అని ఉంది. ఏది సార్?”

ప్రసాదరావు గారు కాగితం వెనక్కి తీసుకుని కళ్లజోడు పెట్టుకున్నారు. “పాత లెటర్లోంచి టైపు చేయించామండీ. ఎవరూ అడగలేదండీ ఇన్నాళ్లూ. మీకేది కావాలండీ?”

“నాకు కావలసింది కాదు సార్. మీరేది అనుకున్నారో అది.”

ఆయన కిందివాక్యం కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టారు. అప్పుడు ఆమె తన సంతకం పెట్టింది. బయటికి వచ్చాక ఎర్నాయుడు నా చెవిలో, “మనిద్దరం కూడా అదే లెటరు మీద సంతకాలెట్టీసాం కదేటి బావా” అన్నాడు. ఇంటికెళ్లి నా లెటరు తీసి చదివాను. దాని ప్రకారం నేను అప్పటికి అయిదేళ్లుగా ఏకకాలంలో పర్మనెంటునీ ప్రొబేషనరునీ.

ఆ తర్వాత చాలా మారాయి. రెండువేల ఎనిమిది తర్వాత అమెరికాలో కట్టడాలు తగ్గిపోయి మా పని సన్నగిల్లింది. ఇంకో రెండు దేశాల పనులు తెచ్చుకున్నాం. వాళ్లవి మీటర్లు, వాళ్ల నియమాలు వేరు, వాళ్ల బోల్టులు వేరు. గీసే సాఫ్ట్‌వేరూ మారింది. అమెరికా పట్టికలు బట్టీపట్టి నాలాగా దానినే అనుభవమనుకున్నవాళ్లందరం మళ్లీ మొదటి బెంచీలో కూచున్నాం. రత్నానికి ఆ మార్పు పెద్దగా పట్టలేదు. కొత్త దేశం నుంచి మొదటి డ్రాయింగు రాగానే చిన్న అక్షరాలు చదవడం, తనకి తెలియనిదెంతో తేల్చుకోవడం, అవతలివాడు ఒక్కమాటలో జవాబివ్వగలిగేలా అడగడం, మిగతా పని నడిపించడం. నేను రిటైరయ్యేనాటికి ఎర్నాయుడి కుర్చీలో ఆమె ఉంది, ఎర్నాయుడు సబ్బవరంలో ఇల్లు కట్టుకుంటూ మెట్ల కొలతలకి ఆమెకే ఫోను చేసేవాడు.

ఇంజనీరింగ్ కాలేజీలవాళ్లు అప్పుడప్పుడు నన్ను పిలిచి, మారుతున్న ప్రపంచంలో విద్యార్థులకి కావలసిన నైపుణ్యాల గురించి మాట్లాడమంటారు. పిల్లలు ఏ సాఫ్ట్‌వేరు నేర్చుకోవాలని అడుగుతారు. నాకు తెలిసినవి వాళ్లు పుట్టకముందువి కనక నేను ఆ జోలికి పోను. సాఫ్ట్‌వేరు ఎలాగూ ఉద్యోగమిచ్చినవాడు నేర్పుతాడు, ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోదైనా సరిపోతుంది. నేను వాళ్లకి ఆ మెట్ల సంగతే చెబుతాను. అన్నీ తెలిసినట్టు గీసిన షీటు వల్ల మనుషులు పడిపోయేవారు, అన్నీ సందేహమే అని గీసిన షీటు వల్ల పని పోయేది. తనకు తెలియనిది సరిగ్గా ఎంత మేర ఉందో గీత గీసి చూపించి, ఆ గీత బయట పని ఆగకుండా నడిపించగలిగిన మనిషికి ఏ దేశపు పనైనా ధైర్యంగా అప్పజెప్పవచ్చని, అడిగే గొంతు వణకకపోతే చాలని, ఆ ఏడు కంచరపాలెం అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నాను.